వీపు మీద సొట్ట చెంబు

అనగనగా, అంటే మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, కొండల కింద పిల్లేటిపాడు అని ఒక ఊరు ఉండేది. ఊరి పక్కనే వాగు.

ఆ వాగు మహా టక్కరిది. ఊళ్ళో ఫెళ్ళున ఎండ కాస్తూంటే పైన కొండల్లో వాన కురిసేది. చూస్తూండగానే నీళ్ళు విరుచుకుపడేవి. ఒక ఏడు మిట్టమధ్యాహ్నం అలాగే వచ్చి, బట్టలుతికే వాళ్ళనీ గొడ్లు కడిగే వాళ్ళనీ మొత్తం ఏడుగురిని పట్టుకుపోయింది. గట్టు మీదివాళ్ళు చూశారు, గొంతు చించుకుని అరిచారు. ఆ హోరులో అరుపు ఎవరికి వినిపిస్తుంది నాయనా?

అందుకని ఊరంతా కూచుని ఒక మాట అనుకున్నారు. గుట్ట మీద ఒక పెద్ద కంచుగంట కట్టాలి. పైన నీళ్ళు కనపడగానే మోగించాలి. అంత కంచు కొనే స్తోమత ఊరికి లేదు కాబట్టి, ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చి ఇవ్వాలి.

ఇచ్చారు. గంగులు తన ఎద్దు మెడలోని గంట విప్పి ఇచ్చాడు. కొత్త కోడలు పైడమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన కంచం ఇచ్చేసి, ఆ పూటనించీ ఆకులోనే తింది. ముసలి పోలమ్మకి ఉన్నదల్లా ఒక్క సొట్ట చెంబు. ఆమె మొగుడు వాగు పట్టుకుపోయిన ఏడుగురిలో ఒకడు. చెంబు కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

ఊరిపెద్ద భూపతయ్య దగ్గరుండి అన్నీ పోగు చేయించాడు. బళ్ళ మీద, కంచు పోతపోసే కంచరి కామాక్షమ్మ ఇంటికి తోలించాడు.

కామాక్షమ్మ చెయ్యి తిరిగిన మనిషి. తండ్రి వీరోజు ఆమె చేతికి ముందు బొగ్గుముక్క ఇచ్చాడు, పట్టకారు ఆ తరవాత. "కరిగించే ముందు గీయి తల్లీ," అనేవాడాయన. "కరిగిపోయిన వస్తువు మళ్ళీ పుట్టదు. నిప్పులోకి పంపేవాళ్ళం, దాని మొహమైనా చూసి పంపాలి."

అందుకని ఆమె ఏది కరిగించాలన్నా ముందు గోడ మీద బొగ్గుతో గీసేది. గీస్తూంటేనే ఆ వస్తువు ఎక్కడ అరిగిందో, ఎవరి చేతిలో నలిగిందో ఆమెకి తెలిసేది. ఊళ్ళోవాళ్ళ గిన్నెలూ గంటలూ అన్నీ అలాగే గీసింది. పోలమ్మ చెంబుకున్న సొట్టనీ వదలకుండా గీసింది.

ఇంతలో దసరాకి రాజుగారు ఊరికి వస్తున్నారని కబురొచ్చింది. భూపతయ్య బుర్రలో పురుగు తొలిచింది. నేరుగా కామాక్షమ్మ ఇంటికొచ్చి, గంట సంగతి వచ్చే ఏడు చూసుకుందాం, ముందు నా నిలువెత్తు విగ్రహం పోసిపెట్టు అన్నాడు. తన ఇంటి కంచు అంతా ధారపోసి విగ్రహం నిలిపిన మహా ధర్మాత్ముణ్ణని రాజుగారికి చెప్పుకుంటాడట.

విన్నారా? అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే. అల్లుడైనా నయం, వాడు దానమన్నా చేస్తాడు. ఈయన ఆకులో తినే పిల్ల కంచంతో తన బొజ్జ పోయించుకుంటానంటున్నాడు.

కామాక్షమ్మ పట్టకారు కింద పెట్టింది. "ఇది ప్రాణాలు కాసే గంటకని ఇచ్చిన కంచు. నా చేత్తో పొయ్యను," అంది.

భూపతయ్య నవ్వాడు. నువ్వు కాకపోతే పొరుగూరి కంచరులు లేరా, బళ్ళకెత్తించి పంపిస్తాను, మళ్ళీ చిటికెడు కంచు కూడా ఈ ఊరు రాదు అన్నాడు. ఊళ్ళో ఎవడైనా నోరెత్తితే వాడి పొలానికి కాలవ నీళ్ళు ఆపేస్తానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషే.

కామాక్షమ్మ ఆలోచించింది. గడప దాటిన కంచు ఇక మనది కాదు. ఊళ్ళో ఉంటే, ఇవాళ బొమ్మయినా రేపు కరిగిస్తే గంటవుతుంది. పళ్ళు బిగబట్టుకుని సరేనంది.

కంచు బొమ్మ పొయ్యాలంటే ముందు మైనంతో బొమ్మ చెయ్యాలి. దాని చుట్టూ మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తారు. మైనం మీద గోరు గీసినా సరే, ఆ గీత కంచులో అలాగే వస్తుంది.

మైనం బొమ్మ సగమయ్యాక భూపతయ్య మొదటిసారి చూడ్డానికొచ్చాడు. తన ముక్కు చప్పిడిగా ఉందని చిన్నబోయి, కోటేరు వేసినట్టు ఉండాలన్నాడు. పోతూ పోతూ గోడ మీది బొమ్మలు చూశాడు. గిన్నెలూ చెంబులూ వరసగా అతన్నే చూస్తున్నట్టున్నాయి. వెంటనే మనుషుల్ని పిలిచి గోడకి సున్నం కొట్టించాడు.

సున్నం ఆరగానే కామాక్షమ్మ మళ్ళీ గీసింది, ఒక్కటీ మరిచిపోకుండా.

రెండోసారి వచ్చాడు. మీసం ఇంకా దట్టంగా ఉండాలన్నాడు. గోడ చూసి మొహం జేవురించింది. ఈసారి సున్నంతో ఊరుకోలేదు, గోడనే పడగొట్టించాడు. పెళ్ళలు దొర్లి వాకిలంతా దుమ్ము కమ్మింది. అది ఆమె తాత కట్టిన గోడ. చూశారా పిల్లలూ, చెంబు బొమ్మకే భయపడే మనిషి ఎంత తప్పు చేసుంటాడో!

కామాక్షమ్మ ఏడవలేదు. దుమ్ము అణిగాక కూచుని, వెదురుపుల్ల మొన తేలేలా చెక్కుకుంది.

మూడోసారి వచ్చాడు. బొజ్జ లోపలికి పోవాలి, ఛాతీ బయటికి రావాలి అన్నాడు. ఆమె మైనం తీసి మైనం పెట్టి అలాగే చేసింది. భూపతయ్య బొమ్మ మొహంలోకి చూసి మురిసిపోయాడు.

"వెనక కూడా ఒకసారి చూసుకోండి అయ్యా," అంది కామాక్షమ్మ.

"వెనక ఎవడు చూస్తాడే?" అని వెళ్ళిపోయాడు.

మట్టి మెత్తింది, కాల్చింది, కంచు పోసింది. చల్లారాక మట్టి పగలగొడితే విగ్రహం ధగధగా మెరిసింది. భూపతయ్య మనుషులు ఎదటినించే చూసి మురిసి, దాన్ని పట్టుబట్టలో చుట్టి, చావడి ముందు నిలబెట్టారు.

దసరా నాడు రాజుగారు వచ్చారు. బట్ట తీశారు. కోటేరు ముక్కు, కోరమీసం, పులి నడుము. జనంలో ఒకరిద్దరికి నవ్వొచ్చి దగ్గారు. భూపతయ్య చేతులు కట్టుకుని, ఇదంతా తన ఇంటి కంచేనని, ఊరి కీర్తి కోసం ధారపోశానని విన్నవించాడు.

రాజుగారికి ఒక అలవాటు. ఏ బొమ్మనైనా చుట్టూ తిరిగి చూడందే కదలరు. వెనక్కి వెళ్ళారు, అక్కడే ఆగిపోయారు.

విగ్రహం వీపు మీద, మెడనించి మడమల దాకా జారిన ఉత్తరీయమంతా గిన్నెలు, చెంబులు, కంచాలు, గంటలు. సన్నటి గీతలతో, అచ్చం అవే.

"భూపతయ్యా, ఈ ఎద్దుగంట ఏమిటి?" అన్నారు రాజుగారు.

భూపతయ్య పరుగున వెనక్కి వెళ్ళి చూశాడు. అదేదో కంచరిదాని అలంకారం అన్నాడు. గంగులు ముందుకొచ్చి, అది నా ఎద్దు గంట మహాప్రభూ, నాలుక విరిగితే నేనే కట్టిన ముడి కూడా ఉంది చూడండి అన్నాడు.

రాజుగారు కంచం సంగతి అడిగారు. పైడమ్మ తలవంచుకునే వచ్చి, అంచున ఉన్న మామిడి పిందెల్ని చూపించింది.

సొట్ట చెంబు సంగతి అడిగారు. పోలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కంచు గీతలో ఆ సొట్ట మీద బొటనవేలు పెట్టింది. "పెళ్ళయిన కొత్తలో నేనే విసిరాను బాబూ, మా ఆయన మీద. ఆయన తప్పుకుంటే గుమ్మానికి తగిలింది. ఆయన్ని వాగు పట్టుకుపోయింది... ఆయన ఎలాగూ లేడు, ఆ ఆపద ఇంకెవరికీ రాకూడదని గంటకిచ్చాను."

రాజుగారు ఏ గంట అని అడిగారు. అప్పుడు కామాక్షమ్మ జరిగిందంతా చెప్పింది, గోడ సంగతితో సహా.

"గోడ మీద గీస్తే చెరిపాడు. అందుకని ఆయన వీపు మీదే గీశాను ప్రభూ," అంది. "దాచలేదు. చూసుకోమన్నాను. తన మొహం తప్ప ఇంకేదీ చూడ్డం ఆయనకి చాతకాలేదు."

రాజుగారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. విగ్రహం కరిగించి గంట పొయ్యమన్నారు. కొలిమితిత్తి భూపతయ్యే ఊదాలన్నారు, పడగొట్టిన గోడ భూపతయ్యే కట్టాలన్నారు. ఆ తరవాత వానాకాలమంతా గుట్ట మీద కూచుని నీళ్ళకి కాపు కాయడమూ, గంట కొట్టడమూ భూపతయ్య పనే.

కరిగించే ముందు కామాక్షమ్మ కొత్తగోడ మీద ఆ విగ్రహాన్నీ గీసింది. తండ్రి మాట తండ్రి మాటే కదా. అయితే వెనకనించి గీసింది.

మరుసటి శ్రావణంలో ఒక మిట్టమధ్యాహ్నం, ఊళ్ళో మబ్బుతునక లేదు. గుట్ట మీద గంట ఖంగున మోగింది. వాగులో ఉన్నవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, గొడ్లని తోలుకుని గట్టెక్కారు. వెనకాలే నీళ్ళు వచ్చాయి. వచ్చి, ఒట్టి చేతులతో పోయాయి.

పోలమ్మ గట్టు మీద కూచుని చెవి ఒగ్గి వింది. "మా చెంబే," అంది పక్కనున్న పైడమ్మతో.

కాబట్టి పిల్లలూ, పదిమంది సొత్తుతో పేరు నిలుపుకోవాలనుకునేవాడు ఎదట ఎంత మెరిసినా, వాడు చేసిన అన్యాయం వాడి వీపునే అంటుకుని ఉంటుంది.