వరహాలమ్మగారి మాగ చేప పులుసు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుందమ్మా బుజ్జీ. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక చేపలావిడ. గంప నెత్తికెత్తుకుందంటే చాలు, ఆవిడ గొంతు నాలుగు వీధుల అవతలికి వినిపించేది.

ఒకరోజు తెల్లారేసరికి ఏమైందో తెలుసా? పడవలన్నీ నిండిపోయి వచ్చాయి! వలలు చిరిగిపోయేటన్ని మాగ చేపలు! ఒడ్డున కాలు పెట్టడానికి చోటు లేదు. అన్ని పడ్డాక ఇక ధరేముంటుంది? నూకరత్నం గంప నింపుకుని, "నలభైకే మాగ చేప! నలభైకే!" అని అరుచుకుంటూ ఊళ్ళోకి ఉరికింది.

ఊళ్ళో వరహాలమ్మగారని పెద్దింటావిడ ఉండేది. ఆవిడ కూతురు భాగ్యం పురిటికొచ్చి, పండంటి ఆడపిల్లని కంది. ఇన్నాళ్ళూ పథ్యం కూడే. ఆరోజే మొదటిసారి బాలింతకి చేప పెట్టే రోజు. బాలింతకి తేడా చేస్తే పసిగుడ్డుకీ తేడా చేస్తుందని ఆవిడ భయం. అందుకే మేలైన చేప కావాలని అరుగు మీద కూర్చుంది.

మొదట ఒక ముసలావిడ వచ్చి, బేరంలో దిగొచ్చులే అని వంద చెప్పింది. ఆ తర్వాత సైకిలుకి ఐసు పెట్టె కట్టుకుని ఒకాయన వచ్చి మూడొందలు చెప్పాడు. అప్పుడు మన నూకరత్నం వచ్చి నలభై అంది.

"నలభయ్యా! కుళ్ళు చేప నా కూతురికి అంటగడతావుటే? ఫో అవతలికి!" అని కసిరేసి, వరహాలమ్మగారు మూడొందల చేపని వంటింట్లోకి పంపించేసింది.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. గొణుక్కుంటూ మూడు వీధులు తిరిగి సగం గంప అమ్ముకుని, తిరిగొస్తుంటే సందు మలుపులో ఆ సైకిలాయన పెట్టె కడుగుతున్నాడు. అబ్బబ్బ, ఏం కంపు! ఆయన పారేసిన ముక్కని ఒక పిల్లి వాసన చూసి, మూతి తిప్పుకుని పోయింది.

"ఏమయ్యా, ఎన్నాళ్ళ సరుకిది?" అంది నూకరత్నం.

"ఎనిమిది రోజులే. ఐసులో ఉంది కదా, ఏం కాదులే" అన్నాడు. ఐసేదీ? ఎప్పుడో కరిగి నీళ్ళయిపోయింది!

"అమ్మో, ఆ పచ్చి బాలింత!" అనుకుంది నూకరత్నం. కోపం గీపం అన్నీ ఎగిరిపోయాయి. వెనక్కి తిరిగి ఒకటే పరుగు!

దారిలో గేదెల మంద అడ్డమొచ్చింది. వాటి మధ్యలోంచి దూరిపోయింది. ఆ తర్వాత చూస్తే వరహాలమ్మగారింటి గేటు వేసుంది. గంప గోడ మీద పెట్టి, తనూ ఎక్కి, గంపతో సహా అవతలికి దూకేసింది! ఆ తర్వాత వంటావిడ చేతులు చాపి అడ్డుకుంది. ఆవిడ చంక కిందనుంచి లోపలికి జారిపోయింది.

లోపల పులుసు ఘుమఘుమలాడుతోంది. చింతపండు, వెల్లుల్లి దండిగా పడేసరికి కుళ్ళు వాసన ఎవరికీ తెలియలేదు. భాగ్యం పీట మీద కూర్చుని ముద్ద నోటిదాకా తెచ్చుకుంది.

"తినకమ్మా!" అని ఒక్క కేక పెట్టింది నూకరత్నం. ముద్ద కంచంలో పడిపోయింది.

వరహాలమ్మగారు ఇంతెత్తున లేచింది. నూకరత్నం పెరట్లోకి పరిగెత్తింది. అక్కడ పారేసిన చేప తల తెచ్చి మొప్ప ఎత్తి చూపించింది. బురద రంగు! తన గంపలో చేప మొప్ప ఎత్తింది. మందారంలా ఎర్రగా ఉంది!

వరహాలమ్మగారు కూతురి పక్కన కూలబడిపోయింది. "ఎంత పని చేయబోయానే తల్లీ! చేతికి వాసన అంటుతుందని ఏనాడూ చేపని ముట్టుకోలేదు. ధరొక్కటే చూశాను" అని ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "అయితే ఇకనుంచి చవగ్గా ఉన్నదే కొంటాను" అంది.

నూకరత్నం పకపకా నవ్వింది. "భలేవారే అమ్మగారూ! అమ్ముడుపోని కుళ్ళు చేప కూడా చవగ్గానే ఇస్తారు. ఇవాళ ఎక్కువ పడ్డాయి కాబట్టి నాది చవక. ధరకేం తెలుసమ్మా చేప సంగతి? మొప్ప ఎత్తండి, కన్ను చూడండి, వేలితో నొక్కండి!"

అప్పుడు వరహాలమ్మగారు ఏం చేసిందనుకున్నావు? చీర కొంగు నడుముకి దోపి, గంప ముందు చతికిలబడి, మోచేతులదాకా చేపల్లో పెట్టేసింది! ఒక్కొక్కటే ఎత్తి, చూసి, నొక్కి, "ఇదిగో, ఇది బాగుంది!" అని కేరింతలు కొట్టింది. తనే కోసి, తనే పులుసు పెట్టింది. "ఇంకో ముక్క వెయ్యవే అమ్మా" అంది భాగ్యం. ఎంత తోమినా ఆవిడ చేతులు మర్నాటిదాకా చేపల వాసనే. ఆ చేతులతోనే మనవరాలిని ఎత్తుకుని ఊరంతా తిరిగింది.

కథ నడిచె కంచికి,
మనమెక్కుదాం మంచానికి,
బుజ్జమ్మ బజ్జోవాలి,
పొద్దున్నే లేవాలి!