ఈరమ్మ పుస్తెలూ బంగారం మిషనూ

తెలివితక్కువ వాళ్ళు ఊరికొకరు ఉంటారు. గువ్వలగుట్టపల్లెలో మాత్రం ఇద్దరు ఒకే ఇంట్లో చేరిపోయారు. అన్న పేరు ఉరుకుందప్ప, తమ్ముడి పేరు సుంకన్న. తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఉరుకుందప్ప తెలివి ఎక్కువై తల నొప్పి పుడుతోందని రోజూ నుదుటికి మందు రాసుకునేవాడు. సుంకన్న తన తెలివి ఆవిరైపోతుందని ఎండాకాలం తలకు రెండు తువ్వాళ్ళు చుట్టుకునేవాడు. ఉరుకుందప్ప భార్య ఈరమ్మకు తెలివి ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఇంటికి సరిపడా తెలివి మేమే చూసుకుంటాం కదా అని అన్నదమ్ములు ఆమెకు ఆ బాధ్యత పెట్టలేదు.

మా వైపు తొలకరి వానకు ఎర్రచేలల్లో బంగారు రవ్వలు తేలతాయని ఒక మాట ఉంది. మాట విన్నవాళ్ళే గానీ రవ్వ చూసినవాళ్ళు తక్కువ. ఆ ఏడు పక్కూళ్ళో ఎవరికో ఆవగింజంత రవ్వ దొరికిందన్నారు. ఆ కబురు వాగూ వంకా దాటేసరికి కందిగింజంత అయింది. గువ్వలగుట్టపల్లె చేరేసరికి గుమ్మడికాయంత అయి కూర్చుంది.

ఇంకేముంది! బంగారం వెదికే మిషన్ కోసం అన్నదమ్ములు మేకలన్నీ అమ్మేసి టౌనుకు బయల్దేరారు. "శనక్కాయ విత్తే అదును పోతాందయ్యా" అని ఈరమ్మ మొత్తుకుంది. "శనక్కాయ విత్తితే శనక్కాయే కదే వచ్చేది" అన్నాడు ఉరుకుందప్ప. 

అంగడి మస్తానయ్యది. బోరు మోటార్లతో పాటు ఈ మిషన్లూ అమ్ముతాడు. 

"ఎట్లాంటిది కావల్లప్పా?" అని అడిగాడు.

"మాకు తగింది. తెలివైంది."

మస్తానయ్య మూడు మిషన్లు తీసి వరసగా నిలబెట్టాడు. అన్నదమ్ములు పెళ్ళిచూపులకు వచ్చినట్టు చాప మీద సర్దుకుని కూర్చున్నారు.

"ఇది అగ్గువ ధరది. మేకు, సీసా మూత, ఏది కనపడినా కూస్తాది."

"నోరెక్కువ. మా కొంపలో ఇమడదు" అన్నాడు ఉరుకుందప్ప.

"ఇది గట్టిది. మూడడుగుల లోతు చూస్తాది."

"మాది రెండడుగుల చేనే సామీ, కిందంతా బండ. మూడో అడుగు మా పట్టాలో లేదు. ఊరికే తగువులెందుకు?"

మస్తానయ్య ఒక గుటక నీళ్ళు తాగాడు. "అయితే ఇది తీసుకోండి. దీనికి ఇనుమంటే పడదు. బంగారమంటే ప్రాణం."

"అచ్చం మా వదిన!" అన్నాడు సుంకన్న. అంతే, సంబంధం ఖాయమైపోయింది.

మస్తానయ్య ఓపికగా మిషన్ కర్ర బిగించి, కింద పళ్ళెం తగిలించి, బ్యాటరీలు వేసి, ముల్లు సున్నా మీదికి తెచ్చి చూపించాడు. "ఇనుము దగ్గర పెట్టుకోవద్దండి. చేలో నేల మీద పెట్టి ముందు సున్నా చెయ్యండి. అర్థం కాకపోతే ఫోన్ చెయ్యండి" అన్నాడు. ఆ ఆఖరి మాట ఎందుకన్నానా అని పాపం ఆయన ఆ తర్వాత చాలా రోజులు అనుకున్నాడు.

ఇంటికి రాగానే ఇనుము పని పట్టారు. గడ్డపార, పార, కొడవలి, మడక కర్రు, రొట్టెల పెనం అన్నీ వాకిట్లో కుప్ప పోశారు. పాత ఇనుము వాడు వచ్చి అంతా ఎత్తుకుని రెండు ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చిపోయాడు. తలుపు బందులు కూడా ఇనుమేనని సుంకన్నకు చివర్లో తట్టింది. అవీ ఊడబీకారు. తలుపు ధబీమని పడింది.

"తలుపు పోతే పోనీలే, దొంగలు తలుపు పగలగొడతారనే భయం లేదింక" అన్నాడు ఉరుకుందప్ప.

మర్నాడు చేలోకి వెళ్ళారు. సున్నా చెయ్యమన్నాడు కదా, సుంకన్న ముగ్గుపిండి తెచ్చి బండిచక్రమంత సున్నా గీశాడు. మిషన్ పట్టుకుని ఉరుకుందప్ప అందులో నిలబడ్డాడు. గీత దాటితే సున్నా చెడిపోతుందని పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆ సున్నాలోనే తిరిగాడు, గానుగెద్దులాగా. మిషన్ కిమ్మనలేదు. తలమాత్రం గిర్రున తిరిగింది.

ఫోన్ చేశారు. సంగతి విని మస్తానయ్య ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. తర్వాత, "గీతా గాతా వద్దప్పా, బయటికి రాండి. మీ ఇంట్లో ఉండే బంగారం రవ్వంత చేలో పూడ్చి, దాని మీద మిషన్ తిప్పండి. ఎట్లా కూస్తాదో తెలుస్తాది. పూడ్చిన చోటు మాత్రం బాగా గుర్తు పెట్టుకోండి" అన్నాడు.

ఇంట్లో ఉండే బంగారమంటే ఈరమ్మ పుస్తెలే. పుట్టింటిదొకటి, మెట్టినింటిదొకటి. పదహారేళ్ళలో ఆమె వాటిని మెడలో నుంచి తీసింది లేదు. ఇవ్వనంది. బతిమాలారు. ఇవ్వనంది. చివరికి ఉరుకుందప్ప కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది చూడలేక మెడలో పసుపు కొమ్ము కట్టుకుని, పుస్తెల తాడు తీసి అతని చేతిలో పెట్టింది. "పొద్దుగూకే లోపల తెచ్చియ్యాల. లేదంటే నేను మనిషిని కాను" అంది.

"మనిషివి కాకపోతే ఏమైతావు వదినా?" అని సుంకన్న నిజంగానే అడిగాడు. ఆమె బకెట్ విసిరేసరికి పరుగెత్తాడు.

పార లేదు కదా, సుంకన్న కొబ్బరి చిప్పతో గుంత తీసి పుస్తెలు పూడ్చాడు. అన్న గట్టు మీద వేపచెట్టు కింద మిషన్‌కు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని కూర్చున్నాడు.

"పూడ్చినావా? గుర్తు పెట్టుకున్నావా?" అని కేకేశాడు.

"పెట్టుకున్నాన్నా!"

మిషన్ తీసుకుని అన్న వచ్చాడు. నాలుగెకరాల ఎర్రచేను, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే రంగు. "ఏదిరా గుర్తు?"

"ఇదో" అని సుంకన్న నుదురు చూపించాడు. రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. "నేనే పెట్టుకున్నా."

"మంచి పని చేసినావు. నేల మీద పెట్టింటే గాలికి పోయేది. సరే, నువ్వెక్కడ నిలబడితే అక్కడేనన్నమాట" అని ఉరుకుందప్ప తమ్ముడి కాళ్ళ కింద తవ్వడం మొదలుపెట్టాడు. తమ్ముడు పక్కకు జరిగితే అక్కడ తవ్వాడు. సాయంత్రానికి చేనంతా పందికొక్కులు తవ్వినట్టు తయారైంది. పుస్తెలు మాత్రం లేవు.

అప్పుడు మిషన్ తిప్పుతుంటే కుయ్యిమంది! ఎక్కడా? సుంకన్న నడుము దగ్గర.

"అన్నా, బంగారం నేనేనన్నా!"

ఉరుకుందప్పకు అమ్మ మాట గుర్తొచ్చింది. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ "నా చిన్నోడు బంగారం" అనేది. కన్నతల్లి మాట, కొన్న మిషన్ మాట ఒక్కటయ్యాయి. ఇంకేం కావాలి? తమ్ముడికి మట్టి అంటకుండా భుజాల మీద మోసుకొచ్చాడు. ఇంటికి తలుపు లేదు, దొంగలు ఎత్తుకుపోతారేమోనని స్తంభానికి కట్టేశాడు.

ఈరమ్మ వచ్చి చూసి నెత్తి బాదుకుంది. "వాని నడుముకుండేది వెండి మొలతాడయ్యా, సన్నాసీ!" అని దాన్ని పుటుక్కున తెంపింది. మిషన్ మళ్ళీ కూయలేదు. "ఎంత పని చేస్తివే! వాని బంగారమంతా పోగొడ్తివి కదే" అని ఉరుకుందప్ప తమ్ముణ్ణి పట్టుకుని భోరుమన్నాడు.

ఆమె ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు, మర్నాడూ వెలిగించలేదు. పసుపు కొమ్ము ఎవరైనా చూస్తారని నీళ్ళకు కూడా కొళాయి దగ్గరికి పోలేదు. ఈ కథ చెబుతున్నంతసేపూ నవ్వొస్తుంది గానీ, కొంగు మెడచుట్టూ కప్పుకుని ఆమె మూలన కూర్చున్న చోట మాత్రం నాకు నవ్వు రాదు.

మళ్ళీ ఫోన్ చేస్తే మస్తానయ్య విసుక్కున్నాడు. "చేనంతా జల్లెడ పట్టండప్పా!" అని పెట్టేశాడు. అంతే. ఎదురింట్లో జల్లెడ అడిగి తెచ్చి, చెరో పక్క పట్టుకుని, చేను మధ్యలో పొద్దస్తమానం నిలబడ్డారు. చేతులు లాగాయి. "బంగారం ఊరికే రాదురా" అని అన్న తమ్ముడికి ధైర్యం చెప్పాడు.

మూడోనాడు వాన దంచికొట్టింది. తెల్లారి చేలోకి పోతే కడిగిన మట్టిలో తళుక్కుమని మెరుస్తూ రెండు పుస్తెలు, పసుపు తాడుతో సహా!

"తమ్ముడూ, మన చేను పండింది! రవ్వలు కాదు రా, ఏకంగా నగే కాసింది. తాడు కూడా లోపల్నే పేనినారు!"

మస్తానయ్యకు ఫోన్ చేసి, "నేలలో బంగారం దొరికింది" అన్నారు. "నేలలో దొరికితే ముందు ఊరి సచివాలయంలో చెప్పండి, దాచుకుంటే కేసైతాది" అన్నాడాయన, పీడ విరగడైందనుకుని.

ఈరమ్మకు తెలిసేసరికి పుస్తెలు వీఆర్వో గారి బల్ల మీద ఉన్నాయి. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, అవి నావి!"

వీఆర్వో మంచాయన. "ఏమప్పా, ఈమెవేనా? అవునను, ఇప్పుడే ఇచ్చేస్తా."

ఒక్క మాట. ఔనంటే చాలు. ఈరమ్మ మొగుడి మొహం చూసింది.

"కాదు సార్" అన్నాడు ఉరుకుందప్ప, ఛాతీ విరుచుకుని. "ఈమెవి మేము పూడ్చినవి. ఇవి దొరికినవి. పూడ్చినవి ఇంకా దొరకలేదు. నేను అబద్ధం చెప్పను."

"పూడ్చినవే దొరికినాయి కదయ్యా!"

"అదెట్లా సార్? పూడ్చింది మా తమ్ముడు, దొరికింది నాకు."

వీఆర్వో కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. నేనేమీ రాయను. ఇవి తీసుకుని నీ చేత్తో ఈమె మెడలో కట్టు. గొడవ తీరిపోతాది."

ఉరుకుందప్ప అదిరిపడ్డాడు. "నాకు పెళ్ళైంది సార్!"

"ఎవరితో?"

"ఈమెతోనే."

"మరి ఈమెకే కట్టమంటున్నా."

"ఒకసారి కట్టిన పుస్తెలు చేలో ఉండాయి. అవి ఉండగా ఇంకో జత కడితే రెండో పెళ్ళి కాదా? మీరే జైల్లో వేస్తారు!"

"ఈమె ఒప్పుకుంటే కట్టు నాయనా, నీకు దండం పెడతా" అన్నాడు వీఆర్వో.

"ఒప్పుకున్నా. కట్టు" అంది ఈరమ్మ.

ఉరుకుందప్ప మూడు ముళ్ళు వేశాడు. అక్షింతలు లేవని సుంకన్న జేబులోని శనక్కాయలు చల్లాడు. ఒకటి వీఆర్వో కంటికి తగిలింది. ఈరమ్మ పుస్తెలు కళ్ళకద్దుకుంది. మూడు రోజుల తర్వాత ఆమె మొహంలో వెలుగు వచ్చింది. ఇంటికి పోయి పొయ్యి వెలిగించి, సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, "రాండి, తిందురు" అని పిలిచింది.

సుంకన్న వచ్చాడు. ఉరుకుందప్ప మాత్రం గడప అవతలే నిలబడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమైందయ్యా?"

"నువ్వు మంచిదానివే తల్లీ, నిన్నేమీ అనడంలేదు. కానీ నేను రెండో పెళ్ళి చేసుకున్నానని మా ఈరమ్మ అలిగి పుట్టింటికి పోయింటాది. పదహారేళ్ళ కాపురం. ఆమె లేకుండా నాకు ముద్ద దిగదు."

ఈరమ్మ తెడ్డు ఎత్తేలోపలే అతను బస్సెక్కేశాడు.

మర్నాడు అత్తగారి ఊరి నుంచి ఉరుకుందప్ప ఈరమ్మకు ఫోన్ చేశాడు. "మా ఈరమ్మ ఈడికి రాలేదంట. వాళ్ళమ్మ కూడా 'ఇంట్లోనే ఉంటాది పో నాయనా' అంటాంది. ఈరమ్మ ఇంటికొస్తే మంచి మాటలతో కూర్చోబెట్టు. పెద్దామె, కోపంలో నాలుగు మాటలంటాది. నువ్వు చిన్నదానివి, కొంచెం సర్దుకుపో."