మద్దిలేటి తెచ్చిన నాగుపాము

విశ్వవిద్యాలయంలో పాము విషాల మీద పరిశోధన చేసే వకుళాదేవి గారు, శిష్యులు సలహా అడిగితే అవుననీ కాదనీ చెప్పరు. తనకు జరిగింది ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఒకనాడు రజియా అనే శిష్యురాలు సంబరంగా వచ్చింది. నాగుపాము విషంలోంచి తాను విడదీసిన ఒక ప్రోటీను, సెప్టిక్ సోకి లోపలి అవయవాలు వాచిపోయిన ఎలుకల్లో ఆ వాపును తగ్గించింది. పన్నెండింట తొమ్మిది బతికాయి.

"టీవీవాళ్లు వస్తున్నారు మేడం. సెప్టిక్‌కు మందు దొరికిందని చెప్పేయనా? ఎలాగూ ఒకనాటికి మందవుతుంది కదా."

వకుళాదేవి గారు అప్పుడు చెప్పిన సంగతి ఇది.

ఆవిడకు ముప్పై రెండేళ్ల వయసులో, ఇలాంటి ప్రోటీనుతోనే కొన్ని ఎలుకలు బతికాయి. పత్రికా విలేకరి వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆ ఊపులో "మందు దొరికింది, రాసుకోండి" అనేశారు. ఫొటోతో సహా అచ్చయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, మద్దిలేటి అనే రైతు ప్రయోగశాల వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో పాలక్యాను, దాని మూతి గుడ్డతో చుట్టి తాడుతో బిగించి ఉంది. అతని భార్య ఈరమ్మ కాలి పుండు సెప్టిక్ అయి పెద్దాసుపత్రిలో ఉంది.

"పేపర్లో ఉండేది మీరే కదమ్మా? పక్క మంచమామె కొడుకు చదివి చెప్పినాడు. నాగుపామును తెచ్చినా. దొరికేకి రెండు దినాలు పట్టె. మందు చేసియ్యండి."

క్యానులో ఏదో కదిలింది. ఇంకా ఎలుకలకు తప్ప మనుషులకు ఇవ్వలేదనీ, మందు కావడానికి ఏళ్లు పడుతుందనీ, అసలు అవుతుందో లేదో కూడా తెలియదనీ ఆవిడ తడబడుతూ చెప్పారు. అతను శ్రద్ధగా విన్నాడు.

"మరి మందు దొరికిందని మీరే అన్నట్టు రాసినారే?"

"నేనలా అనలేదు. విలేకరే రాసుకున్నాడు."

అతను నమ్మాడు. నమ్మి, "మిమ్మల్ని ఊరికే ఇబ్బంది పెట్టినా తల్లీ, ఏమీ అనుకోవద్దు" అని దండం పెట్టి, క్యాను ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనక్కి పిలవాలని ఆవిడ గుమ్మం దాకా వెళ్లారు. పిలవలేదు.

మర్నాడు ఉండబట్టలేక ఆసుపత్రికి వెళితే, ఈరమ్మ మంచం మీద వేరెవరో ఉన్నారు.

"నిన్న మధ్యాన్నం పానం పోయిందమ్మా, మొగుడు వచ్చేలోపలే" అంది పక్క మంచమామె. "యాడికి పొయ్యినాడో గానీ, రెండు దినాలు వాకిలి దిక్కే చూస్తాండె. ఎవరొచ్చినా, మా ఆయనేనా అని అడుగుతాండె. నీకేమైతాదమ్మా ఆమె?"

"ఏమీ కాదు" అన్నారు ఆవిడ. నర్సునడిగి మద్దిలేటి ఊరి పేరు మాత్రం రాసుకుని వచ్చేశారు.

గదిలో రజియా ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు.

"తర్వాత వెళ్లి అతనికి నిజం చెప్పారా మేడం?"



"ఆ ఊరికి రోజుకు రెండు బస్సులున్నాయి రజియా" అన్నారు. "ఇరవై ఎనిమిదేళ్లుగా ఉన్నాయి."