గిట్టగుంటలో ఎర

వేసవి మరమ్మతులకని కాలువ కట్టేశారు. నీళ్ళన్నీ దిగిపోయి వంతెన కింద ఒక్క మడుగు మిగిలింది. ఆ మడుగులో కొర్రమీనులున్నాయి. గట్టుమీది తుమ్మచెట్టులో మంగాయమ్మ అనే కొంగ, రెక్కలు రాని ఆమె పిల్లలిద్దరూ ఉన్నారు. మడుగు ఎండేలోగా ఆ పిల్లలు ఎగరాలి. లేకపోతే వాళ్ళ పని అంతే.

అదే గట్టుకింద బొరియలో ఒక నక్క. పేరు సింహాద్రి! ఏం చూసి పెట్టారో ఆ పేరు, పెట్టినవాళ్ళకే తెలియాలి. ఆ ఒంట్లో పనిచేసేది నాలుక ఒక్కటే.

కొర్రమీను లోతులో ఉంటుంది, కొంగ ముక్కుకి అందదు. ఎర వేసి పైకి రప్పించాలి. అదీ బతికున్న ఎరైతేనే వస్తుంది. అందుకని మంగాయమ్మ తెల్లారగానే బురదనీళ్ళలో దిగి, కాలితో అడుగు కదిపి, బెదిరి బయటికొచ్చిన పరిగెల్ని, ఆ వేలెడు చేపల్ని, నలక్కుండా ముక్కున పట్టేది. గేదె గిట్ట దిగబడిన గుంటలో వాటిని వదిలి, ఎండ తగలకుండా గుర్రపుడెక్క ఆకు కప్పేది. పరిగెలతోబాటు జెల్లపిల్లలూ పడేవి. జెల్లకి మూడు ముళ్ళు. గుచ్చుకుంటే తేలు కుట్టినట్టే. వాటిని ఏరి మళ్ళీ నీళ్ళలో వదిలేసేది.

సింహాద్రి గట్టుమీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏంటి మంగాయమ్మా, ఈ వయసులో నీకీ బురద? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు."

"ఆ పెద్దల ఇంట్లో ఆకలేసే పిల్లలు లేరేమో నాయనా."

"పోనీ ఇలా చేద్దాం. ఎర నువ్వు పట్టు, కొర్రమీను సంగతి నేను చూసుకుంటా. చెరిసగం."

"అంతకంటే నువ్వే దిగు. ఎర పట్టడం నేర్పుతా. రెండు రోజుల్లో వచ్చేస్తుంది."

"నేనా! పరిగెల వెంట పడటమా! హవ్వ! నలుగురూ వింటే నవ్విపోతారు."

నలుగురూ ఎక్కడున్నారో నాకైతే కనబడలేదు. బురదలో ఉన్న పీత అప్పన్న ఒక్కడే విన్నాడు, వాడు అప్పుడే నవ్వేశాడు.

మర్నాడు మంగాయమ్మ పిల్లల్ని చూసి వచ్చేసరికి గుంటలో ఒక్క పరిగె లేదు. ఆకు మాత్రం పొందిగ్గా కప్పి ఉంది. ఆ మర్నాడూ అంతే. ఆ రెండు రోజులూ పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరిచి అరిచి పడుకున్నారు. తల్లి ప్రాణం ఉసూరుమంది.

మరి పట్టుకుపోయిన దొంగైనా బాగుపడ్డాడా? ఎర మడుగులో విసిరి, కొర్రమీను మూతి కనబడగానే ధబేలుమని దూకాడు. చేప కాదుకదా, పొలుసు కూడా దొరకలేదు. కడుపు మండి మిగిలిన ఎరంతా నమిలేశాడు. అక్కడితో ఊరుకుంటే వాడు సింహాద్రి ఎందుకవుతాడు? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఏకంగా మంగాయమ్మ దగ్గరికే వచ్చాడు.

"ఏమ్మా, ఈ మధ్య నీ ఎరలో పస లేదు. పరిగెలు మరీ నీరసంగా ఉంటున్నాయి."

"నా గుంటలో పరిగెలు నీరసంగా ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు. "ఊళ్ళో అనుకుంటున్నారు. అది సరే, రేపు మావాడికి సంబంధం మాట్లాడటానికి వస్తున్నారు. కొర్రమీను విందు ఇస్తానని కబురు పెట్టాను. ఎర కాస్త ఎక్కువ పట్టు."

సిగ్గుండాలి! దొంగతనం చెయ్యడమే కాకుండా, ఆర్డరు కూడా!

మంగాయమ్మ మర్నాడు పొద్దున్నే బురదలో దిగింది. ఈసారి పడిన జెల్లల్ని వదల్లేదు. గుంట నిండా జెల్లలే, పైన నాలుగు పరిగెలు.

"అదేంటి పిన్నీ, ముళ్ళు కదా!" అన్నాడు అప్పన్న.

"తన ఎర తాను పట్టుకునేవాడికి ఏది పరిగో, ఏది జెల్లో తెలుస్తుందిరా. తెలియనివాడికి నా గుంటలో ఏం పని?" అని ఎగిరి చెట్టెక్కింది.

సింహాద్రి వచ్చాడు. విందు తొందర. ఆకు పక్కకి నెట్టి, ఒకటొకటి తీసే ఓపిక లేక, మూతి గుంటలో ముంచి దవడల నిండా పట్టాడు.

అంతే! నాలుకలో ఒక ముల్లు, పెదవిలో రెండు, అంగిట్లో ఒకటి. అరవడానికి లేదు, అరిస్తే దొంగ బయటపడతాడు. తేలు కుట్టిన దొంగ అంటే అచ్చంగా వాడే. కళ్ళ నీళ్ళు కారుస్తూ, మూతి నేలకేసి రాసుకుంటూ నాలుగు గంతులేసి ఇటు తిరిగాడో లేదో, గట్టుమీద పెళ్ళివారు!

"బావగారూ, బాగున్నారా? కొర్రమీను ఎంతదాకా వచ్చింది?" అన్నాడు పిల్ల తండ్రి.

సింహాద్రి నోరు తెరవబోయాడు. మూతి గుమ్మడికాయంత అయింది. "బూ... బూ..." అని చొంగ కార్చాడు.

"బావగారి నోట్లో ఎరుందండీ," అన్నాడు అప్పన్న తాపీగా. "కొంగమ్మది. అడక్కుండా తీసుకున్నారు."

పిల్ల తండ్రి దగ్గరికొచ్చి చూశాడు. పెదవికి వేలాడుతూ జెల్ల ఇంకా తోకాడిస్తోంది.

"మా పిల్ల పెంకుటిల్లు అడగలేదు బావగారూ. పరిగె కూడా పట్టలేని ఇంటికి మాత్రం ఇవ్వలేం," అని వచ్చిన దారినే తిరిగాడు.

వాళ్ళు చూస్తుండగానే మంగాయమ్మ దిగొచ్చి, గుంటలో మిగిలిన ఒక్క పరిగెనీ తీసుకెళ్ళి మడుగు అంచున వదిలింది. జానెడు కొర్రమీను పైకొచ్చింది. ఒక్క పోటు. పిల్లలు ఆ పూట కడుపు నిండా తిన్నారు. అక్కణ్ణించి పదకొండో రోజున మడుగు ఎండింది, పదో రోజునే వాళ్ళు ఎగిరిపోయారు.

సింహాద్రి బొరియలోంచి మాట వినబడటానికి నెల పట్టింది. ఆ నెలంతా గట్టు ఎంత ప్రశాంతంగా ఉందో!

నీతి: ఎరకి ఒళ్ళు వంచనివాడి నోటికి దక్కేది ముల్లే.