తాత తెడ్డుకు వంతు

గోదావరి సముద్రంలో కలిసే చోట, పంటు పడవలో ఏరు దాటి దోనెలంకకు వచ్చే భక్తులారా! ఇక్కడి గంగమ్మ తల్లి గుడికి గోపురం ఏదని వెతకకండి. రేవు ఎక్కగానే ఎదురుగా కనిపించే పొడవాటి పెంకుటిల్లే అమ్మ గుడి. లోపల శిలావిగ్రహం ఉండదు, పసుపు పూసిన పాత తాటిదోనె ఉంటుంది. గోడల నిండా ముత్తాతల వలలు, తెడ్లు, డప్పులు. సాయంత్రమైతే సావడిలో పిల్లలకు పడవ పాటలు నేర్పుతారు. ఊరి మ్యూజియమూ ఇదే, పాటల బడీ ఇదే. ఇంత చిన్న లంక ఇంత ఇల్లు ఎలా కట్టిందంటారా? అది చెప్పడానికే మా ఆరాటమంతా!

పూర్వం ఇక్కడ ఇసుకదిబ్బ తప్ప మరేమీ లేదు. ఒక వరదలో ఆలుమగలిద్దరు ఈ దోనెలోనే కొట్టుకొచ్చి బతికి బట్టకట్టారు. ఆనాటి నుంచి దోనెనే గంగమ్మగా కొలిచారు. లంకలో అందరూ వారి సంతతే కనుక, ఆ మొదటి మగమనిషిని ఊరంతా తాత అనే పిలుస్తుంది. తరాలు గడిచాక దోనెకు దీపం పెట్టే పని పెమ్మాడి నూకాలు అనే ఒంటరి ఆడమనిషికి దక్కింది. తాటాకు పాకలో దోనెకు చెద పడుతుంటే ఆమె ప్రాణం విలవిలలాడేది.

ఒకనాటి తెల్లవారుజామున అమ్మ కలలోకి వచ్చింది. "నాకు గోపురం వద్దే నూకాలూ. నా దోనెకూ, మీ తాతల సామానుకూ, మీ పాటలకూ కలిపి ఒక గట్టి ఇల్లు కట్టించండి" అని ఆనతిచ్చింది.

కల సంగతి విని ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది. కానీ సొమ్మేది? సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డు నుంచి ఒక షావుకారు దిగాడు. దోనెను తన మేడ ముందు అలంకారంగా పెట్టుకుంటానని, ఇస్తే ఇల్లు లేచేంత సొమ్ము ఇస్తానని అన్నాడు. "చూశారా, తల్లే దారి చూపించింది!" అన్నాడు కులపెద్ద ఓలేటి పోతురాజు.

నూకాలు ముందుకొచ్చి నిలదీసింది. "దోనె ఇచ్చేసి ఇల్లు కడితే, ఆ ఇంట్లో ఏం పెడతావు మావా? నీ మీసాలా?"

"వేళాకోళం చాలించు. సొమ్ము నువ్విస్తావా?"

"నేనెక్కడిస్తాను? తాత ఇస్తాడు. రేపు వల లాగేదాకా ఆగు."

మర్నాడు అలివి వల. ఒడ్డున నిలబడి ఊరంతా తాళ్లతో లాగే పెద్ద వల అది. తాడు పట్టిన ప్రతివారికీ వంతు పెట్టాలన్నది లంక కట్టుబాటు, దారిన పోయేవాడు పట్టినా సరే. నూకాలు పాకలో దోనెతో పాటు దాచిన తాత తెడ్డు తెచ్చి, అందరూ చూస్తుండగానే తాడుకు కట్టేసింది. దీనికి పిచ్చి పట్టిందని నవ్వుకున్నారు గానీ ఎవరూ విప్పలేదు. అబ్బబ్బ, ఆనాటి వల! చందువలు, పండుగప్పలు, తళతళలాడే రొయ్యలు! కుప్పలు పోసి వంతులు వేస్తుంటే నూకాలు ఆ తెడ్డును వరసలో పాతింది.

"తాత వంతేదీ?"

"తెడ్డుకి వంతేంటే?" అని పోతురాజు గదమాయించాడు.

"నువ్వు మధ్యలో చుట్ట ముట్టించుకోడానికి తాడొదిలావు మావా. తాత వదల్లేదు. లాగాడా, లేదా?"

"లాగాడు!" అన్నారు ఎవరో. "లాగాడు!" అని ఒడ్డంతా హోరెత్తింది. పోతురాజు చుట్ట అవతల పారేశాడు. తన కుప్పలోని పెద్ద పండుగప్పను తెచ్చి తెడ్డు ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. తాత వంతు వేలం వేస్తే పాడుకున్నదెవరనుకున్నారు? దోనె కోసం కాచుకుని కూర్చున్న షావుకారే! ఆకలి మీదున్నాడు పాపం.

ఇల్లు ఒక్కసారిగా లేవలేదు. ఒక వేటలో వచ్చిన తాత వంతు పునాది అయింది, ఇంకొక వేటలోది గోడ అయింది. దోనెను లోపలికి మోసిన రోజున నూకాలు గడప పట్టుకుని సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చిందట.

నేటికీ తెడ్డు తాడుకు కట్టనిదే ఇక్కడ వల లాగరు. ఈ ఇంటి పెంకు మార్చినా, పాటల పంతులుకు జీతమిచ్చినా ఆ వంతులోంచే. భక్తులు కూడా తాడు మీద చెయ్యి వేయవచ్చు. వేసినవారి ఇంట ముత్తాతల పేరు చెరిగిపోదని, గంగమ్మ చల్లని చూపు తప్పదని పెద్దల మాట. వంతులు వేసే ముందు కులపెద్ద తెడ్డు వైపు తిరిగి "తాత లాగాడా?" అని అడుగుతాడు. అప్పుడు సిగ్గుపడకుండా, గొంతెత్తి, మీరూ జవాబు చెప్పండి.