ఎవరు పెద్దో తేలిందా?

ఆ ఎండాకాలం భూమయ్య పహిల్వానుకు తిండి సయించడం మానేసింది.

కారణం చిన్నదే. హైదరాబాదులో ఒక పత్రిక పాఠకులను ఓ ప్రశ్న అడిగింది. ఈ నగరంలో ఏ ఆటలోనైనా సరే, అందరికన్నా గొప్పవాడు ఎవరు? జనం కార్డు ముక్కల మీద పేర్లు రాసి పంపడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు రెండే పేర్లు మిగిలాయి. ఒకటి భూమయ్యది. రెండోది విక్టర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడిది.

భూమయ్య నిలబడితే గుమ్మం నిండిపోయేది. కుస్తీలో అతని వీపుకు మట్టి అంటించినవాడు చుట్టుపక్కల జిల్లాల్లో లేడు. విక్టర్ సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. పొట్టి మనిషి, బక్కపలచన. కానీ అతని కాలికి బంతి అందిందంటే గ్రౌండు గ్రౌండంతా లేచి నిలబడేది.

ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. ఒకడిది మట్టి, ఒకడిది పచ్చిక. ఎదురుపడే పనే లేదు. అయినా ఇరానీ హోటళ్లలో, మంగలి షాపుల్లో, బస్సుల్లో జనం రోజూ వాళ్లిద్దరినీ కొట్లాడించేవారు.

ఒకరోజు పొద్దున భూమయ్య తన గురువు మస్తాన్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. ఉస్తాద్ కుస్తీ వదిలి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కుస్తీ నేర్పే తాలీంఖానాలో గోదా మట్టి తవ్వడం, దర్గాకు పోయి కాసేపు కూర్చోవడం, అంతే ఆయన పని. మాట తక్కువ మనిషి.

"ఉస్తాద్, ఒక్క మాట చెప్పుండ్రి. నేను పెద్దా, గా విక్టర్ పెద్దా?"

ఉస్తాద్ పార ఆపలేదు.

"ఊరంతా అడుగుతుంది ఉస్తాద్. మీరు ఒక్క మాటంటే చాలు."

"మట్టి పొడిబారింది," అన్నాడు ఉస్తాద్. "నీళ్లు చల్లు."

భూమయ్య నీళ్లు చల్లాడు. ఆయన ఇంకేమైనా అంటాడని చూశాడు. ఆయన పక్క మట్టి తవ్వుతూ పోయాడు. గురువు తనవైపు లేడని భూమయ్యకు రోషం వచ్చింది.

ఆ రోషంతోనే ఆ సాయంత్రం హోటల్లో కూర్చున్నాడు. చుట్టూ అభిమానులు చేరారు. ఎవరో విక్టర్ మాట ఎత్తారు. భూమయ్య చాయ్ సాసర్ కింద పెట్టి అన్నాడు:

"గాలి నింపిన తోలుముక్క. తంతే పోతది. తిరిగి పట్టదు, కొట్టదు. దాన్ని తన్నెటోడు గూడ మొగోడేనా?"

హోటలంతా ఒక్కసారి నవ్వింది. భూమయ్యకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఆ మాట హోటల్లో ఆగలేదు. తెల్లారేసరికి సబ్జీమండి దాటింది, మూసీ దాటింది, సికింద్రాబాదు చేరింది. విక్టర్ దానికేమీ బదులు చెప్పలేదు. అతని తరఫున చెప్పేవాళ్లు చాలామంది తయారయ్యారు. మట్టిలో పంది కూడా దొర్లుతుంది అన్నాడట విక్టర్, అని ఎవరో భూమయ్యకు మోసుకొచ్చారు. భూమయ్య నమ్మాడు.

ఆదివారం నాడు విక్టర్ జట్టు మ్యాచి ఉంది. భూమయ్య అభిమానులు కొందరు పనిగట్టుకుని వెళ్లారు. వాళ్లలో ఒక హమాలీ ఉన్నాడు. విక్టర్ బంతి అందుకున్నప్పుడల్లా అతను మెట్ల మీద లేచి నిలబడి, "గాలి తోలు! గాలి తోలు!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఎవరో చొక్కా పట్టుకున్నారు, ఇంకెవరో తోశారు. ఎవరు తోశారన్నది తర్వాత పోలీసులకు కూడా తేలలేదు. అతను వెల్లకిలా పడ్డాడు. రాతిమెట్టు అంచు తలకు తగిలింది.

ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున తాలీంఖానాలో ఎవరో వచ్చి ఈ కబురు చెప్పినప్పుడు భూమయ్య దండీలు తీస్తున్నాడు. లేచి నిలబడ్డాడు. ఒంటిమీది మట్టి దులుపుకున్నాడు.

"నేను ఆడ లేను గద," అన్నాడు.



"నేను పొమ్మనలేదు. కొట్టుమనలేదు."

ఉస్తాద్ పార గోడకు ఆనించాడు. చేతులు కడుక్కున్నాడు. కర్ర అందుకున్నాడు.

"అంగీ తొడుక్కో," అన్నాడు.

చనిపోయినవాడి ఇల్లు తాలీంఖానా వెనక బస్తీలోనే. ఇరుకు సందు. ఇంటిముందు పాడె కడుతున్నారు. పచ్చి వెదురు వాసన. తోటి హమాలీలు గోనెసంచులు భుజాన వేసుకునే నిలబడి ఉన్నారు, పనిమధ్యలో లేచి వచ్చినట్టు.

గోడ పక్కన ఒక పొట్టి మనిషి తలవంచుకుని నిలబడి ఉన్నాడు. భూమయ్య అతన్ని అంతకుముందు పత్రికలో బొమ్మగా తప్ప చూడలేదు. విక్టర్ ఒంటరిగా వచ్చాడు. ఎవరూ అతన్ని పలకరించలేదు, పొమ్మనీ అనలేదు.

భూమయ్యను చూసి జనం దారి ఇచ్చారు. ఎప్పుడూ ఇచ్చేదే. ఆ రోజు మాత్రం అతనికి ఆ దారిలో నడవబుద్ధి కాలేదు.

శవం తలదగ్గర తల్లి కూర్చుంది. ముసలామె. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఎవరో ఆమె చెవిలో చెప్పారు, పహిల్వాన్ వచ్చిండని. ఆమె కళ్లు చికిలించి పైకి చూసింది.

"నువ్వేనా బిడ్డా భూమయ్యవు?"

"అవునవ్వా."

"పెద్దగనే ఉన్నవ్. మావోడు చెప్పినట్టే ఉన్నవ్." ఆమె చేత్తో నేల తడుముతూ పక్కకు జరిగి చోటిచ్చింది. "పొద్దుగాల లేస్తే నీ ముచ్చటనే. బువ్వ తినుకుంట నీ ముచ్చటనే. నిన్న గూడ అన్నడు, అవ్వా, ఇయ్యాల తేల్చుకొని వస్తం అని."

భూమయ్య కూర్చోలేదు.

"మరి తేలిందా బిడ్డా?" అంది ఆమె. "ఎవరు పెద్దో తేలిందా?"

ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. తెలియక అడుగుతోంది. కొడుకు ఏ పని మీద పోయాడో ఆ పని అయిందో లేదో కనుక్కుంటోంది.

భూమయ్య గోడవైపు చూశాడు. విక్టర్ కళ్లు మూసుకుని ఉన్నాడు.

పాడె సిద్ధమైంది. చచ్చిపోయినవాడి బావమరిది నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డాడు. వెనక కొమ్ములకు ఇద్దరు హమాలీలు భుజం ఇచ్చారు. ముందు కొమ్ములకు ఎవరని అడుగుతుంటే ముసలామె ఉస్తాద్ వైపు తిరిగింది.

"మీరే చెప్పుండ్రి సాయబూ. బస్తీకి పెద్దోళ్లు."

ఉస్తాద్ కర్రతో ఒకసారి భూమయ్యను చూపించాడు. ఒకసారి విక్టర్‌ను చూపించాడు.

సందులో గుసగుసలు లేచాయి. ఇద్దరూ వచ్చి చెరో వైపు వంగి పాడె ఎత్తారు.

ఎత్తగానే అది ఒరిగింది. భూమయ్య భుజం ఎక్కడో పైనుంది, విక్టర్ భుజం ఎక్కడో కిందుంది. శవం తాళ్లమధ్యనే పక్కకు జారింది. తల్లి కెవ్వుమంది.

"జోడు కలుస్తలేదు," అన్నాడు వెనక హమాలీ. "విక్టర్ సాబును తీసి ఇంకో పొడుగోన్ని పెట్టుండ్రి."

"వద్దు," అన్నాడు ఉస్తాద్. వచ్చి భూమయ్య వీపు మీద చెయ్యి వేశాడు. "నువ్వు దిగు బేటా."

భూమయ్య మోకాళ్లు వంచాడు. పాడె సమంగా నిలిచింది.

వల్లకాడు దగ్గర్లో లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. మోకాళ్లు వంచి నాలుగడుగులు వేయడం వేరు, బస్తీ దాటి, మండి దాటి, వాగు దాకా నడవడం వేరు. ఎంతటి మల్లుడినైనా ఎత్తి వేసిన తొడలు వణకడం మొదలుపెట్టాయి. దారిపొడుగునా జనం దుకాణాల ముందుకు వచ్చి నిలబడి చూశారు. నగరంలోని ఇద్దరు గొప్పవాళ్లు ఒక్కచోట కనిపించడం వాళ్లకు అదే మొదలు. ఎవరూ ఈల వేయలేదు.

కొంతదూరం పోయాక భుజం మీద బరువు కాస్త తేలికైనట్టు భూమయ్యకు అనిపించింది. ఓరగా చూశాడు. విక్టర్ మునివేళ్ల మీద నడుస్తున్నాడు. అతని మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

వాగు ఇవతల పాడె దించారు. అది దింపుడు కళ్లం. పోయిన ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉందేమోనన్న ఆఖరి ఆశతో, అక్కడ శవం చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలుస్తారు. ఆడవాళ్లు అక్కడినుంచి వెనక్కి తిరుగుతారు. నిప్పుకుండ పక్కన పెట్టి బావమరిది ముందుకు రాబోయాడు. ఉస్తాద్ అతన్ని కర్రతో ఆపాడు.

"భూమయ్యా," అన్నాడు. "నీ పేరు ఊరంతా పిలిచినోడు. ఇప్పుడు నువ్వు పిలువు."

భూమయ్య శవం పక్కన మోకరిల్లాడు. చెవి దగ్గరికి వంగాడు. నోరు తెరిచాడు.

అలాగే ఉండిపోయాడు.

జనం ఎదురుచూశారు. అతను తల ఎత్తి విక్టర్ వైపు చూశాడు. విక్టర్ తల అడ్డంగా ఊపాడు. అతనికీ తెలియదు.

భూమయ్య మెల్లగా ముసలామె వైపు తిరిగాడు.

"అవ్వా... ఏం పేరు?"

ఆమె అతన్ని చాలాసేపు చూసింది.

"పోశెట్టి," అంది. "రోజూ మూటకు పోయేముందు నీ తాలీం ముంగట నిలవడి దండం పెట్టి పోయేటోడు గద బిడ్డా. పోశెట్టి."

భూమయ్య మళ్లీ వంగాడు.

"పోశెట్టీ," అని పిలిచాడు. ఆగి, ఇంకొంచెం గట్టిగా, "పోశెట్టీ."

మూడోసారి గొంతు రాలేదు. పెదవులు కదిలాయి, అంతే. అప్పుడు అటుపక్కన విక్టర్ కూర్చుని, రెండో చెవిలో ఆ పేరు పిలిచాడు.

ముసలామె ఊపిరి బిగబట్టి కొడుకు మొహంలోకే చూస్తోంది.



"ఎత్తుండ్రి," అన్నాడు ఉస్తాద్.