ఉయ్యాలగుట్ట మీద జోలమ్మ వెలసిన కథ

తూర్పు కనుమల్లో సంత దారి రెండుగా చీలే చోట, పొద్దెక్కినా పొగమంచు విడవని చిన్న గుట్ట ఉంది. దానిని ఉయ్యాలగుట్ట అంటారు. ఇక్కడ గోపురం లేదు, గంట కూడా లేదు. గంట కట్టిస్తామని వచ్చే దాతలకు పూజారమ్మ దండం పెట్టి, బిడ్డలు నిద్రపోయే చోటు, వద్దని చెబుతుంది. ఒక పక్కకు ఒరిగి, ఏదో వింటున్నట్టుండే నల్లరాయే అమ్మవారు. ఆమె పేరు జోలమ్మ. ఎదురుగా ఇప్పచెట్ల కొమ్మలకు చీర ఉయ్యాలలు ఊగుతుంటాయి. కువి, సవర, గదబ, ఒడియా, తెలుగు భాషల జోలలు ఒకదానిలో ఒకటి కలిసి గాలిలో తేలుతుంటే, కొండెక్కి వచ్చిన పెద్దలకే ముందు కునుకు పడుతుంది.

పూర్వం ఈ గుట్ట దిగువన నారమ్మ అనే ఆవిడ కాపురముండేది. ఉప్పు, ఎండుచేపలు మోసుకెళ్లి కొండ సంతలో అమ్ముకునే తెలుగు కుటుంబం వారిది. ఆమె కొడుకు సంతలో చూసి మనసుపడి పెళ్లాడిన పిల్ల సుంబారి. పై కొండ మీద కువి మాట్లాడే ఊరు ఆమెది. నారమ్మ చెడ్డ మనిషేమీ కాదు. కోడలికి కడుపునిండా పెట్టింది, కొత్త కోక కొనిపెట్టింది. మనవడు పుట్టాక మాత్రం ఒక ఆంక్ష పెట్టింది.

"పిల్లడికాడ నీ కొండబాస ఆడకే. రెండు బాసలు ఇంటే ఆడి నాలిక తిరగదు."

సుంబారి తల ఊపింది. తెలుగులో ఆమెకు సంత బేరాలు వచ్చు గాని ముద్దుమాటలు రావు. అందుచేత బిడ్డను మౌనంగా ఎత్తుకునేది, మౌనంగా పాలిచ్చేది. బిడ్డకు నిద్ర దూరమైంది. ఎంతసేపూ తల్లి పెదవుల వంకే చూస్తూ ఉండేవాడు. పాలు మానేసి చిక్కిపోయాడు. నారమ్మ తనకు తెలిసిన జోలలన్నీ పాడింది, దిష్టి తీసింది, మందులు పోయించింది. ఈ బిడ్డ దక్కడని ఇరుగుపొరుగు అనుకోవడం కూడా ఆమె చెవిన పడింది.

ఒక మధ్యాహ్నం ఆమెకు కూర్చున్నచోటే కునుకు పట్టింది. కలలో తానే పసిబిడ్డ అయిపోయింది. ఎవరో ముసలమ్మ ఒళ్లో వేసుకుని ఊపుతూ పాడుతోంది. ఆ భాషలో ఒక్క ముక్క తెలియదు. అయినా ఆ మాటలు గోరువెచ్చని నూనె రాసినట్టు ఒంటికి హాయిగా ఉన్నాయి.

"తల్లీ, నాకేటీ అర్థం అవలేదు," అంది నారమ్మ.

"మీ అమ్మ పాడినప్పుడు అర్థమయ్యే నిదరోయావా?" అంది ముసలమ్మ.

నారమ్మ ఉలిక్కిపడి లేచి కోడలి దగ్గరకు పరుగెత్తింది. మీ అమ్మ పాడిన పాట వీడికి పాడమని బతిమాలింది. సుంబారి నోరు తెరిచింది. పాట రాలేదు.

"మర్సిపోనానత్తా," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మరిచిపోయేలా చేసింది తానేనని నారమ్మకు తెలిసింది. ఇక ఆగలేక కొండెక్కి, వియ్యపురాలి గుమ్మంలో కూర్చుని పాట నేర్పమని అడిగింది. తేనెటీగలు తుట్టె చేరాయి, మబ్బులు కొండ చేరాయి, నువ్వు నా భుజం చేరు అని ఆ పాటకు అర్థం. అది పలకడానికి నారమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. దారంతా వల్లె వేసుకుంటూ దిగి, సరిగ్గా ఈ గుట్ట మీద రెండో చరణం మరిచిపోయింది. ఒరిగిన రాయికి తల ఆనించి ఏడ్చింది. రాతిలోంచి కలలోని గొంతే ఆ చరణం మెల్లగా అందించిందని పెద్దలు చెబుతారు.

ఇల్లు చేరి మనవణ్ణి ఊపుతూ పాడింది. రాగం తప్పింది, మాటలు ముక్కలయ్యాయి. ఏడుస్తున్న సుంబారికి నవ్వొచ్చింది. అత్త తప్పు దిద్దబోయి తానే పాట అందుకుంది. మరిచాననుకున్నదంతా నోటికి వచ్చేసింది. బిడ్డ తల్లి గొంతు వింటూ కళ్లు మూశాడు. అది నిద్రేనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని గాని ఇద్దరూ నమ్మలేదు. లేచాక ఆకలికి ఏడ్చి, పాలు తాగాడు.

అప్పటినుంచి ఆ ఒరిగిన రాయిని జోలమ్మగా కొలుస్తున్నారు. నేటికీ ఇక్కడ తొలి జోల నాయనమ్మ పాడాలి, అదీ కోడలి భాషలో. ఇద్దరిదీ ఒకే భాషైతే పక్క ఉయ్యాలవారి పాట అడిగి నేర్చుకోవాలి. తప్పులు దొర్లినా అమ్మవారికి పట్టింపు లేదు. ఇక్కడ ఊగిన పిల్లలు చల్లగా ఉంటారనీ, ఏ సంతకు వెళ్లినా పరాయివారు కారనీ భక్తుల నమ్మకం.

ఇంటి పాట మరిచిపోయిన తల్లులు ఈమధ్య ఎక్కువగా వస్తున్నారు. రాయి దగ్గర ఆ మాట చెప్పుకుని కంటతడి పెడతారు. పూజారమ్మ వారి చేతిలో ప్రసాదం పెడుతూ అడుగుతుంది.

"మీ ఊళ్లో ముసిలోళ్లెవులైనా ఉన్నారా అమ్మా? అయితే ఇయ్యాలే ఎల్లు."